పెళ్లి సరే.. పిటిషన్ వేశారా?

అబ్బాయి అమెరికా సిటిజన్. అక్కడే పుట్టాడో, ఉద్యోగానికి వెళ్లి పౌరసత్వం తెచ్చుకున్నాడో. మూడు వారాల సెలవు మీద వచ్చాడు. పెళ్లిచూపులు, తాంబూలాలు, పెళ్లి, తిరుపతి ప్రయాణం.. అన్నీ ఆ మూడు వారాల్లోనే. నాలుగో వారం శంషాబాద్‌లో విమానం ఎక్కి వెళ్లిపోతాడు. అమ్మాయి ఇక్కడే ఉంటుంది. 'నాలుగు నెలల్లో వచ్చేస్తుంది లెండి' అని మగపెళ్లివారు భరోసా ఇస్తారు. ఆ నాలుగు నెలల లెక్క ఎక్కడిదని ఆడపెళ్లివారు అడగరు. అడిగితే ఏమనుకుంటారో అని!

నిజానికి ఈ వ్యవహారం ఏడాది దాటడం మామూలే. హెచ్-1బి ఉద్యోగి భార్య విషయం వేరు. ఆమెకు డిపెండెంట్‌గా హెచ్-4 వీసా ఇస్తారు. ఆమె త్వరగానే వెళ్తుంది గానీ అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015లో ఆ నిబంధనను సడలించినా అది కొందరికే. సిటిజన్ భార్య అలా కాదు. ఆమె వెళ్లడమే గ్రీన్ కార్డు హక్కుతో వెళ్తుంది. దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. పైగా పౌరుల జీవిత భాగస్వాములకు ఏడాదికి ఇన్నే వీసాలన్న కోటా లేదు. మరి ఆలస్యం ఎందుకంటే, కాగితాలు మూడు చోట్ల ఆగి ముందుకు కదలాలి. ముందుగా అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర ఐ-130 పిటిషన్. అది ఆమోదం పొందితే నేషనల్ వీసా సెంటర్. చివరికి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ ఉన్నా ఈ ఇంటర్వ్యూ మాత్రం ముంబైలోనే.

ఇందులో అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు గుర్తించాల్సిన సంగతి ఒకటుంది. ఐ-130 భర్త వేసే పిటిషన్. సంతకం ఆయనది, ఫీజు ఆయనది. భార్య అమెరికాలో అడుగు పెట్టేలోపు వద్దనుకుంటే వెనక్కి తీసుకునే హక్కూ ఆయనదే. ఆయన వేయకపోతే ఇక్కడి నుంచి ఆమె వేయడానికి ఏమీ లేదు. 'వేశాను, వాళ్ల దగ్గరే ఆగింది' అని ఫోన్‌లో చెబితే నమ్మడమే అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. పిటిషన్ అందగానే యూఎస్‌సీఐఎస్ ఒక రసీదు పంపుతుంది. దాని మీద మూడు అక్షరాలు, పది అంకెలతో ఓ నంబరు ఉంటుంది. ఆ నంబరును వారి వెబ్‌సైట్‌లో కొడితే దరఖాస్తు ఎక్కడుందో హైదరాబాద్‌లో కూర్చునే చూసుకోవచ్చు. పెళ్లయిన నెలకో రెండు నెలలకో ఆ రసీదు కాపీ అడగడం అనుమానించడం కాదు. గ్యాస్ కనెక్షన్‌కి అప్లై చేసినా రసీదు జాగ్రత్తగా దాచుకునే ఇళ్లే కదా మనవి!

అడగాల్సినవి సంబంధం ఖాయమయ్యే ముందు కూడా ఉన్నాయి. అబ్బాయి పౌరుడనడానికి పాస్‌పోర్టో, పౌరసత్వ సర్టిఫికెట్టో చూపించాలి. ఆయనకు ముందే పెళ్లయి విడాకులయి ఉంటే డిక్రీ కాపీ కావాలి. ఇవన్నీ ఎలాగూ పిటిషన్‌కు జత చేయాల్సినవే. కాబట్టి చూపించడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

ఇక అమ్మాయి వైపు కాగితాలు. మనవాళ్లకు అసలు చిక్కు వచ్చేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఆ అక్షరం పేరు చివరికి వెళ్తుంది. పాస్‌పోర్టులో ఏకంగా సర్‌నేమ్ గడే ఖాళీ. అలా ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది. అసలు పేరు రావాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్.. మొదటి పేరు తెలియదని అర్థం. అక్కడికి వెళ్లాక బ్యాంకులోనూ, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులోనూ అదే ఆమె పేరైపోయే ప్రమాదముంది. పిటిషన్ వేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే ఈ బాధ ఉండదు. అత్తింటి ఇంటిపేరు పెట్టుకోవాలా అన్నది ఆమె ఇష్టం. ఇక్కడి చట్టం గానీ అక్కడి చట్టం గానీ పెట్టుకోమని అడగవు. ఏ పేరైనా అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండటం ముఖ్యం.

తర్వాత పుట్టినరోజు సర్టిఫికెట్. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. కాబట్టి విజయవాడలో పెరిగిన అమ్మాయి పుట్టుక నమోదు అమ్మమ్మగారి ఊరి పంచాయతీ రికార్డులో ఉంటుంది.. ఉంటే! లేకపోతే రికార్డు దొరకలేదని అక్కడి అధికారుల నుంచే ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దానికి స్కూలు రికార్డు, తల్లిదండ్రుల అఫిడవిట్లు జత చేయాలి. పెళ్లికి శుభలేఖ, ఫొటోలు చాలవు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. అందుకే అబ్బాయి సెలవు అయిపోయేలోపు ఇద్దరూ కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రావడం తిరుపతి వెళ్లి రావడమంత ముఖ్యం. పోలీసు క్లియరెన్సు, నిర్ణీత డాక్టర్ల దగ్గర వైద్య పరీక్ష, టీకాలు.. ఇవి శ్రమే తప్ప చిక్కు కాదు.

భర్త ఇంకో హామీ కూడా ఇవ్వాలి. దాన్ని అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అంటారు. భార్యను పోషించగలనని ప్రభుత్వానికి రాసివ్వడమన్నమాట. ఆయన ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 26,437 డాలర్లు. అంత లేకపోతే మరొకరు జామీనుగా ఉండొచ్చు. ఈ హామీ విడాకులతో రద్దు కాదు. ఆమెకు పౌరసత్వం రావడమో, చట్టం చెప్పినంత కాలం పని లెక్కలోకి రావడమో, శాశ్వతంగా ఆ దేశం వదిలి వెళ్లడమో జరిగేదాకా ఉంటుంది. ఈ సంగతి భర్తల్లోనే చాలామందికి తెలియదు.

పెళ్లి దాకా ఆగకుండా నిశ్చితార్థంతోనే తీసుకెళ్లే కె-1 వీసా ఒకటుంది. వెళ్లిన 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి. అయితే మన నిశ్చితార్థాలు పెళ్లికి ఏ మాత్రం తీసిపోవు కదా. దండలు మార్చుకుని, పట్టుబట్టలతో, అయిదొందల మంది మధ్య దిగిన ఫొటోలు చూస్తే అధికారికి పెళ్లే అయిపోయిందన్న అనుమానం రావచ్చు. ఇంకొందరు 'ఈలోగా విజిటింగ్ వీసా మీద వచ్చెయ్, తర్వాత చూద్దాం' అంటారు. ఉండిపోయే ఉద్దేశం దాచి టూరిస్టునని చెప్పడం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. అది జీవితాంతం వెంటాడవచ్చు.

ఎదురుచూసే నెలల్లో అమ్మాయి ఉద్యోగం మానేయడం మరో పొరపాటు. వీసా ముద్ర పడేదాకా రాజీనామా చేయకపోవడం, టికెట్టు కొనకపోవడం మంచిది. ఆవకాయ ఏ సూట్‌కేసులో పెట్టాలన్న చర్చకు పట్టే సమయంలో పదో వంతు సర్టిఫికెట్ల కాపీలకు పెట్టినా చాలు.

విమానం దిగడంతో కథ అయిపోదు. వెళ్లేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు. దొంగ పెళ్లిళ్లను ఆపడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు ఇస్తేనే షరతు పోతుంది. నిజంగానే కాపురం చేస్తున్నామని అప్పుడు చూపించాలి. ఇద్దరి పేర్లతో ఉన్న బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, బీమా.. ఇవీ ఆధారాలు. 'నీకెందుకు ఈ లెక్కలన్నీ, నేను చూసుకుంటాగా' అనే భర్త మంచివాడే కావచ్చు. కానీ రెండేళ్ల తర్వాత ఏ కాగితం మీదా ఆమె పేరు లేకపోతే ఇబ్బంది ఇద్దరికీ. అసలు ఉద్దేశమే మంచిది కాకపోతే ఇబ్బంది ఆమె ఒక్కదానికే.

'సంతకం పెట్టను, నిన్ను ఇండియా పంపించేస్తా' అనే బెదిరింపు పుట్టేది ఈ రెండేళ్లలోనే. అది విని నోరు మూసుకున్న అమ్మాయిలు తెలుసుకోవాల్సిందేమిటంటే, భర్త సంతకం లేకుండానే ఐ-751 ఇవ్వడానికి చట్టంలో దారి ఉంది. పెళ్లి నిజాయితీగా చేసుకున్నదై, తర్వాత విడాకులైనా, హింసకు గురైనా ఆమె ఒంటరిగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందుకు గడువు ముగిసేదాకా ఆగక్కర్లేదు. భర్త అసలు గ్రీన్ కార్డుకే దరఖాస్తు చేయకుండా అక్కడ ఉంచి వేధిస్తుంటే, 1994లో వచ్చిన వయొలెన్స్ అగైనెస్ట్ విమెన్ యాక్ట్ కింద తనే పిటిషన్ వేసుకోవచ్చు. పేరులో విమెన్ అని ఉన్నా ఇది మగవారికీ వర్తిస్తుంది. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, న్యూయార్క్‌లోని సఖి వంటి సంస్థలు దక్షిణాసియా స్త్రీల కోసమే పనిచేస్తున్నాయి. పెళ్లి చేసుకుని ఇక్కడే వదిలేసి వెళ్లిన కేసులను జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్‌ఆర్‌ఐ సెల్ 2009 నుంచి చూస్తోంది. పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు ఎవరివి వారి దగ్గరే ఉండాలి. వాటి కాపీలు పుట్టింట్లో ఒక సెట్టు ఉంటే ఇంకా మంచిది.

అన్నట్టు, సిటిజన్ భార్య వెంట వెళ్లే భర్తలూ తక్కువేం కాదు. నిబంధనలన్నీ వారికీ ఇవే. తేడా అల్లా చుట్టాల ప్రశ్నల్లోనే. ఇక్కడ పదేళ్ల అనుభవం ఉన్న లెక్చరర్ అక్కడ డిగ్రీ మదింపు చేయించుకుని, డ్రైవింగ్ టెస్టు మళ్లీ రాసి, మొదటి ఉద్యోగం కోసం వెతుక్కుంటుంటే 'అల్లుడు ఇంట్లోనే ఉంటున్నాడట' అన్న మాట అనకాపల్లి దాకా పాకుతుంది. అదే కోడలైతే ఎవరూ అడగరు. ఆమె ఎమ్‌టెక్ సంగతి కూడా ఎవరూ గుర్తుచేయరు.

సిటిజన్‌తో కలిసి కాపురం చేస్తుంటే గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్లకే పౌరసత్వానికి అర్హత వస్తుంది. మిగతావారికి ఐదేళ్లు. అది తీసుకున్న రోజుతో భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఆ తర్వాత ఆమె కూడా పిటిషన్ వేయొచ్చు. వయసు 21 దాటి ఉంటే చాలు, అమ్మానాన్నల కోసం అదే ఐ-130 ఆమె పేరు మీద, ఆమె సంతకంతో. అప్పుడు అమ్మ పుట్టినరోజు సర్టిఫికెట్ కోసం ఇంకో ఊరి పంచాయతీ ఆఫీసుకు ఎవరో ఒకరు వెళ్లి రావాలి.