టేపు స్థానంలో ఫోను: కుట్టుకూలికి జవాబుదారి ఎవరు?

ఫోనులో గుడ్డను ఎంచుకొని, నిలువెత్తు ఫొటోలు రెండు తీసి పంపితే చాలు, దుకాణం గడప తొక్కనక్కరలేకుండానే కొలతకు కుట్టిన చొక్కా, పాంటు ఇంటికి వస్తాయని కొత్త వ్యాపారులు ప్రకటిస్తున్నారు. మగవారి దుస్తులు కుట్టించి ఇచ్చే ఈ యాప్‌లు దర్జీకీ ఖాతాదారుకూ నడుమ ఉన్న దళారీని తొలగిస్తాయని కూడా చెబుతున్నారు. వీధి చివరి దర్జీకీ మనకూ నడుమ ఏనాడు దళారీ ఉన్నాడు? లేనివాడిని తొలగిస్తామంటూ వచ్చినవాడు తానే ఆ స్థానంలో కూర్చుంటున్నాడన్నది మా అభియోగం.

ఇది రైల్వే, తపాలా ఉద్యోగులకు సంబంధం లేని సంగతి అనుకోరాదు. ఏడవ వేతన సంఘం సిఫారసుల మీదట 2017 జూలై నుండి యూనిఫారం గుడ్డ, కుట్టుకూలి, ఉతుకుడు భత్యం వేరువేరుగా ఇచ్చే పద్ధతి పోయి, ఏడాదికొకసారి ఇచ్చే దుస్తుల భత్యం వచ్చింది. ట్రాక్‌మన్, పోస్ట్‌మన్ తరగతులకు రూ. 5,000, స్టేషన్ మాస్టర్లకు రూ. 10,000 చొప్పున నిర్ణయమైన ఆ మొత్తం, 2024 జనవరి నుండి కరువు భత్యం 50 శాతానికి చేరడంతో నాలుగోవంతు పెరిగింది. అనగా, లక్షలాది యూనిఫారాల కుట్టుపని ఎవరికివ్వాలన్న నిర్ణయం శాఖ చేతినుండి ఉద్యోగి చేతికి వచ్చింది. ఇంతటి గిరాకీ మీద కన్నువేయని వ్యాపారి ఉండడు. ఆ డబ్బు ఏ దారిన పోతున్నదో, దారిలో ఎవరి కూలి కోతపడుతున్నదో అడిగే హక్కు, బాధ్యత కూడా మనవే.

మేము యంత్రానికి శత్రువులము కాము. ఆ సంగతి ముందే స్పష్టం చేయడం అవసరం. 1830లో పేటెంటు పొందిన బార్తెలెమీ తిమోనియే అనే ఫ్రెంచి దర్జీ, తన కుట్టుయంత్రాలతో సైన్యానికి యూనిఫారాలు కుట్టే కార్ఖానాను పారిస్‌లో నెలకొల్పితే, 1831లో అక్కడి దర్జీలు దానిమీద పడి యంత్రాలను పగులగొట్టారు. వారి భయమంతా పని పోతుందని, కూలి పడిపోతుందని. తరువాతి కాలంలో అదే కుట్టుయంత్రం, 1856 నుండి సింగర్ కంపెనీ ప్రవేశపెట్టిన వాయిదాల పద్ధతి పుణ్యమా అని, దర్జీ స్వంత ఆస్తిగా అతని ఇంటికే చేరి, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఒకే యంత్రం ఒకచోట కూలిని మింగింది, మరొకచోట కూలివానిని నిలబెట్టింది. యాప్‌ను గురించి మేము అడిగేదీ ఆ పాత ప్రశ్ననే: ఇది ఎవరి ఆస్తి? ఎవరి షరతుల మీద నడుస్తున్నది?

ముందుగా కొలతల సంగతి చూద్దాం. ఎదుటినుండి ఒకటి, పక్కనుండి ఒకటి తీసిన ఫొటోలను, మనం చెప్పిన ఎత్తును ఆధారం చేసుకొని ఛాతీ, నడుము, సీటు, భుజం, చేతి పొడవు ఎంతెంత ఉండవచ్చునో ఈ యాప్‌ల వెనుకనున్న లెక్క అంచనా కడుతుంది. అది అంచనా మాత్రమే. వేసుకున్న గుడ్డ వదులును బట్టి, నిలబడిన తీరును బట్టి, ఫోను పట్టుకున్న కోణాన్ని బట్టి అంచనా మారుతుంది. పైగా ఫొటోలో మనిషి కదలక నిలబడి ఉంటాడు. ఉద్యోగంలో ఎవరు అలా నిలబడతారు? సమ్మెట ఎత్తే ట్రాక్‌మన్‌కు చంక కింద వదులు కావాలి. రోజంతా సైకిలు తొక్కే పోస్ట్‌మన్‌కు సీటు దగ్గర గుడ్డ లాగరాదు, సంచి వేలాడే భుజం దగ్గర కుట్టు గట్టిగా ఉండాలి. జెండా ఎత్తి ఊపే గార్డుకు, 2022 నుండి ట్రెయిన్ మేనేజరు అని పిలువబడుతున్న అతనికి, చెయ్యి లేపినప్పుడల్లా చొక్కా నడుములోనుండి ఊడిరాకూడదు. వీధి చివరి కటింగ్ మాస్టరు టేపు పట్టే ముందు ఏం పని చేస్తారని అడిగేది ఇందుకే. ఆ ప్రశ్న అడగడం తెలియని యాప్ సగం కొలతే తీసుకుంటుంది.

ఇక అంచనా తప్పినప్పుడు జరిగేది చూడండి. దర్జీ దుకాణంలో అయితే లోపల వదిలిన గుడ్డను విప్పి, ఆల్టరేషను చేసి, మరునాటికి ఇస్తారు. యాప్‌లో ఆ నష్టం ఎవరిమీద వేయాలన్నది దానిని రూపొందించేవారు ముందే తేల్చుకోవలసిన విషయం. కొలత తీసినది యాప్. ఆ కొలతను మార్చే అధికారం దర్జీకి లేదు. అయినా బిగువైన చొక్కా అందుకున్న ఖాతాదారు ఇచ్చే తక్కువ రేటింగు దర్జీ పేరున పడే విధంగా, తిరిగి కుట్టే కూలి, పాడైన గుడ్డ ఖరీదు అతని లెక్కలోనుండి కోసే విధంగా ఏర్పాటు చేయడం యజమానికి ఎంతో సులభం. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి! కనుక యాప్ రూపకల్పన అంటే తెరమీది రంగులు, బొమ్మలు అని మాత్రమే తలచరాదు. అది సంతకం లేని కూలి ఒప్పందం.

ఈ ఒప్పందంలో దర్జీకి పెట్టే ముద్దుపేరు భాగస్వామి. పేరు మార్చి హక్కు లాక్కునే విద్య మనకు కొత్తది కాదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు సివిల్ పదవిలో ఉన్నవాడేనని చెప్పించుకోవడానికి తపాలా కార్మికులు 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు వరకు పోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ప్రాజెక్టులలో చెమటోడ్చిన రైల్వే క్యాజువల్ కార్మికులకు 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసు కావలసి వచ్చింది.

దర్జీల విషయమూ న్యాయస్థానం ముందుకు ఏనాడో వచ్చింది. అదీ మన గడ్డమీది కేసే. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం, 1951 వర్తింపుపై వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడి దర్జీలు పీసు రేటు మీద పనిచేసేవారు. రాని రోజున సెలవు అడగనక్కరలేదు, పని లేకపోతే ముందుగా వెళ్లిపోవచ్చు. వారు స్వతంత్రులనీ, ఉద్యోగులు కారనీ యజమాని వాదన. ఎలా కుట్టాలో చెప్పడం, నచ్చకపోతే తిరస్కరించి మళ్లీ కుట్టమనడం యజమాని చేతిలో ఉన్నప్పుడు అది అదుపే అవుతుందని, వారు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. చెప్పినట్లు కుట్టనివానికి మరల పని ఇవ్వకపోవడం ఆ దుకాణపు ఆనవాయితీ. నేడు తక్కువ రేటింగు వచ్చిన దర్జీ ఫోనుకు ఆర్డరు రాకుండా చేయడానికీ దానికీ తేడా ఏమున్నది? ఆ దుకాణంలో మిషన్లు యజమానివి, ఇక్కడ మిషను దర్జీది అని యాప్ పెద్దలు వాదించవచ్చు. మిషను ఖర్చు, కరెంటు ఖర్చు, దారం ఖర్చు కూడా కూలివాని నెత్తినే వేసి, అదే కారణం చూపి హక్కు లేదనడం ఏమి న్యాయం?

చట్టం ఇప్పటికి సగం దూరమే నడిచింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, 2020, గిగ్ కార్మికుడు అనే మాటను గుర్తించింది. యాప్ సంస్థలు టర్నోవరులో 1 నుండి 2 శాతం వరకు, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, భద్రతా నిధికి చెల్లించాలన్నది. అయితే యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలివాడుగానే అతనిని నిర్వచించింది. కుట్టుకూలి ఇంతకు తగ్గరాదని ఆ కోడ్ చెప్పలేదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో ప్రత్యేక చట్టాలు చేసి మరికొంత ముందుకు వెళ్లాయి.

రెడీమేడ్ దుస్తుల దెబ్బకు దర్జీలకు పని తగ్గిపోయిందని, యాప్ వారికి ఆర్డర్లు తెస్తుందని కొందరు అంటారు. ఆ మాటలో నిజం ఉన్నది. పని రావడం మంచిదే. పని తెచ్చిపెట్టినవాడు కూలిని తన ఇష్టం వచ్చినట్లు కోసుకోవచ్చుననడం మాత్రం చెల్లదు. అందుచేత ఏ యాప్‌కైనా మన డబ్బు పోయేముందు ఈ షరతులు నెరవేరాలని మేము కోరుతున్నాము:

1. ప్రతి బిల్లులోను గుడ్డ ధర, కుట్టుకూలి, యాప్ కమీషను వేరువేరుగా కనిపించాలి.

2. యాప్ తీసిన కొలత తప్పితే ఆల్టరేషను కూలి, గుడ్డ నష్టం యాప్ యజమానే భరించాలి.

3. రేటింగు పేరుతో పని ఆపేముందు కారణం వ్రాతపూర్వకంగా చెప్పాలి. దర్జీ మొరను ఒక మనిషి వినాలి.

4. మన ఒంటి కొలతలు, ఫొటోలు దుస్తులు కుట్టడానికి తప్ప మరి దేనికీ వాడరాదు, అడిగినప్పుడు చెరిపివేయాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును, చెరిపివేయమనే హక్కును గుర్తించింది.

శాఖలకు మా సూచన ఒకటి ఉన్నది. దుస్తుల భత్యం చేతికి వచ్చే ముందే ప్రతి శాఖ తన స్టేషను, తన పోస్టాఫీసు చుట్టుపక్కలనున్న దర్జీలతో, వారి సంఘాలతో, సొసైటీలతో కూర్చుని కుట్టుకూలి రేటు మాట్లాడుకోవాలి, ఆర్డర్లు ఉమ్మడిగా ఇవ్వాలి. ఆర్డర్ల లెక్కకు, రశీదులకు ఫోను పనికివస్తే వాడుకోవచ్చు. ఆ యాప్ దర్జీల సొసైటీదైతే మరీ మంచిది. కొలత మాత్రం మనిషే తీయాలి, మన పని ఏమిటో అడిగి తీయాలి. ఈ విషయం వచ్చే శాఖా సమావేశాల ఎజెండాలో చేర్చి, తీర్మానాలను ఫెడరేషను కార్యాలయానికి పంపవలసిందిగా సోదర కార్మికులను కోరుతున్నాము.