రంపం కొనేముందు వేళ్లు లెక్కపెట్టుకోండి

ఫోన్ కొనాలంటే మనం ఏం చేస్తాం? నాలుగు మోడళ్లు పక్కపక్కన పెట్టి ర్యామ్, బ్యాటరీ, కెమెరా పోల్చేస్తాం. టేబుల్ సా మిషన్ కొనడం కూడా అంతే అనుకున్నా. చదివింది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎక్సెల్ షీట్ తెరిస్తే తేలని లెక్క ఉంటదా అని ధీమా.

మిషన్ నాకు కాదు, కోరుట్లలో ఉండే మా మేనమామకు. ముప్పై ఏళ్లుగా వడ్రంగి పని. ఆయన దగ్గరున్న 'టేబుల్ సా' ఎలా ఉంటదో తెలుసా? ప్లైవుడ్ బల్లకు సందు కొట్టి, కింద మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా బిగించి, దానికి కట్టె కోసే బ్లేడు వేసి, స్విచ్‌ను టేపుతో చుట్టేసిన ఏర్పాటు. మీ ఇంట్లో కప్‌బోర్డుల పని జరిగి ఉంటే మీరూ చూసే ఉంటారు. పోయిన ఎండాకాలం ఆ బల్ల మీదే ఆయన ఎడమచేతి చూపుడువేలు కొస పోయింది. "గోరు పోయింది అల్లుడూ, అంతే" అన్నాడు ఫోన్లో. వెళ్లి చూస్తే పోయింది గోరొక్కటే కాదు.

అందుకే షీట్ తెరిచా. మొదటి కాలమ్ వాట్లు. మకిటా ఎంఎల్‌టీ100కు 1500, డీవాల్ట్ డీడబ్ల్యూఈ7492కు 2000. ఎక్కువున్నదే గొప్ప అనుకుంటాం కదా. కానీ 2000 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, గీజర్‌కు వాడే 16 ఆంపియర్లది కావాలి. కొత్తగా కట్టే ఇంట్లో పొడుగాటి సన్న వైరు వేసి నడిపితే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. మందమైన వైరు ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోవాలన్నమాట.

రెండో కాలమ్ కోత వెడల్పు. పలకను ఆనించి తోసే పట్టీని ఫెన్స్ అంటారు. బ్లేడుకు, దానికి మధ్య ఎంత దూరం వస్తుందన్నదే లెక్క. ప్లై షీట్ వెడల్పు 4 అడుగులు. నిలువునా సగానికి చీల్చాలంటే 610 మిల్లీమీటర్లు కావాలి. పైన చెప్పిన డీవాల్ట్ 825 ఇస్తుంది. 610కి తక్కువైతే ఎంత చవకైనా కప్‌బోర్డు పనికి ఇబ్బందే.

ఈలోపు అమెరికాలో ఉన్న మా అన్న "సాస్టాప్ పట్టుకొస్తా" అన్నాడు. స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో కనిపెట్టిన పద్ధతి అది. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం నడుస్తుంటుంది. వేలు తగలగానే అది మారుతుంది, వెంటనే ఒక అల్యూమినియం దిమ్మె బ్లేడుకు అడ్డంపడుతుంది. 5 మిల్లీసెకన్లలోపే బ్లేడు ఆగిపోతుంది. అద్భుతమే. కానీ అక్కడి పోర్టబుల్ మిషన్లు 120 వోల్టులవి. మన ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతది.

మామను తీసుకుని జగిత్యాలలో ఒక టూల్స్ షాపుకు పోయా. ఆయన వాట్లు అడగనే లేదు. "కార్బన్లు పోతే ఈడ దొరుకుతయా? ఒక్కన్నే ఆటోలకు ఎక్కియ్యగల్గుతనా?" అని అడిగాడు. ఆ రెండు కాలమ్‌లూ నా షీట్‌లో లేవు.

అసలు కాలమ్ ఇంకొకటి ఉందని తెలిసింది సిరిసిల్లలో. నా క్లాస్‌మేట్ వాళ్ల అన్నకు అక్కడ వర్క్‌షాపు ఉంది. కొత్త మిషన్ కొన్నాడంటే, నడిపేది చూద్దామని పోయా. పక్క సందులో సాంచాల చప్పుడు, లోపల రంపం చప్పుడు. కోత బ్రహ్మాండం. కానీ బ్లేడు మీద ఉండాల్సిన గార్డు గోడకు మేకుకు వేలాడుతోంది. బ్లేడు వెనక ఉండాల్సిన రైవింగ్ నైఫ్ డబ్బాలో ఉంది. ఏందన్నా అంటే, "గాడి కొట్టేటప్పుడు అడ్డమొస్తది తమ్మీ. తీసినంక మళ్ల పెట్టుడు కాలే" అన్నాడు.

రైవింగ్ నైఫ్ అంటే చిన్న ఇనుప రేకు. కోసిన సందు మళ్లీ దగ్గరికి రాకుండా చూస్తుంది. అది లేకపోతే చెక్క బ్లేడును నొక్కేస్తుంది. వెనక పళ్లు పైకి లేస్తుంటాయి కాబట్టి చెక్కను ఎత్తి మన మీదికే విసురుతాయి. దాంతోపాటు చెయ్యి బ్లేడు మీదికి జారొచ్చు. 250 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 4800 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 226 కిలోమీటర్లు. మనం చెయ్యి వెనక్కి తీసుకునేంత టైమ్ ఉండదు.

నా షీట్‌లో 'గార్డు ఉందా?' అన్న చోట అన్ని మోడళ్లకూ 'ఉంది' అనే రాసుకున్నా. అడగాల్సింది అది కాదు. 'తీసినవాళ్లు మళ్లీ పెడతారా?' అన్నది. కొన్ని మిషన్లలో స్పానర్ లేకుండానే గార్డు ఊడుతుంది. గాడి కొట్టేటప్పుడు నైఫ్‌ను పూర్తిగా తీయకుండా, బ్లేడు కొస కంటే కాస్త కిందికి దించి బిగించొచ్చు. కొన్నింట్లో ప్రతిసారీ నట్లు విప్పాలి. పది రోజులు విప్పి, పదకొండో రోజు ఎవరైనా మేకుకే తగిలిస్తారు.

మళ్లీ జగిత్యాల పోయాం. ఈసారి మామ చేతే గార్డు తీయించి, పెట్టించా. తొమ్మిదిన్నర వేళ్లతో. ఒకదానికి ఐదు నిమిషాలు కుస్తీ పట్టి వదిలేశాడు. ఇంకోదాన్ని నిమిషంలోపే బిగించి నా దిక్కు చూశాడు. దానికే అడ్వాన్స్ ఇచ్చాం. మార్బుల్ కట్టర్‌తో పోలిస్తే ధర పది రెట్ల పైనే.

డబ్బులు నావి, కండిషన్ కూడా నాదే. పాత బల్ల ఇప్పేయాలి. మామ కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ బల్ల మీదనే మీ అక్క పెండ్లి మంచం చేసిన" అన్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే కట్టర్ ఊడదీసి, ఆ బల్ల చెక్కతోనే జానెడు పొడుగున్న తోపుడు కర్ర చెక్కిండు. సన్న పలకలు కోసేటప్పుడు చెయ్యి బదులు అది బ్లేడు దగ్గరికి పోతుంది.

కర్ర రెడీ. మిషన్ సోమవారం వస్తుంది.