గుర్రం కాలెందుకంత ఎత్తుకి ఎత్తుతుంది?

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా మీదికి వడియాలు తీయడానికి వెళితే మనం ఎలా నడుస్తాం? కాలు అలా ఆనించి ఇలా ఎత్తేస్తాం. ఆ నడక చూసి కింద నుంచి ఎవరైనా ‘ఆహా, ఏం నాట్యం!’ అని చప్పట్లు కొడితే ఎలా ఉంటుంది?

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో షెల్బివిల్ అనే చిన్న ఊళ్ళో ఏటా సరిగ్గా ఇలాంటి చప్పట్లే మోగుతున్నాయి. 1939లో మొదలైన గుర్రాల పోటీలవి. వేసవి చివర్లో పదకొండు రోజులు, మన తిరునాళ్ళలాగే జనం విరగబడి వస్తారు. పరుగు పందెం కాదు, నడక పోటీ. గుర్రం ముందుకాళ్ళని ఛాతీ దాకా ఎత్తి, వెనక్కాళ్ళ మీద కూలబడినట్టుగా వంగి నడుస్తుంది. ఆ నడకకి ‘బిగ్ లిక్’ అని ముద్దుపేరు. వీడియోలో మొదటిసారి చూస్తే ఎవరైనా ‘అబ్బ, ఎంత ఠీవి!’ అంటారు. ఆ ఠీవి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక మాత్రం రెండోసారి చూడబుద్ధి కాదు.

గిట్టకి సరిగ్గా పైన, చర్మం మెత్తగా ఉండేచోట కిరోసినో, డీజిలో, ఘాటైన ఆవనూనెో రాస్తారు. దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టేస్తారు, మందు లోపలికి ఇంకాలి కదా! పచ్చిమిరపకాయలు కోసిన చెయ్యి సాయంత్రం దాకా మండితేనే మనకి పనులు సాగవు. అక్కడ చర్మం పుండయ్యేదాకా రోజుల తరబడి అలా ఉంచుతారు. తర్వాత ఆ పుండుకి తగిలేట్టు కాలికి గొలుసు వేస్తారు. గిట్టల కింద ఎత్తయిన దిమ్మల్లాంటి బరువు లాడాలు బిగిస్తారు. అడుగు వేసినప్పుడల్లా గొలుసు వచ్చి పుండుకి కొట్టుకుంటుంది. పాపం, కాలెత్తక ఏం చేస్తుంది? ఈ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘సోరింగ్’.

దీన్ని నిషేధిస్తూ అమెరికా 1970లోనే చట్టం చేసింది. యాభై ఏళ్ళు దాటిపోయింది. అయినా ఆగలేదంటే కారణం, చాలాకాలం తనిఖీ బాధ్యత ఆ పోటీల వాళ్ళు నియమించుకున్న మనుషుల చేతుల్లోనే ఉండటం. దొంగచేతికి తాళాలిచ్చినట్టు! తనిఖీలో కాలు నొక్కి చూస్తారు, గుర్రం ఉలిక్కిపడితే అనర్హం. అందుకని కొందరు శిక్షకులు ముందే దొంగ తనిఖీలు పెట్టి, ఉలిక్కిపడ్డప్పుడల్లా దాన్ని చావగొట్టి, కదలకుండా నిలబడటం నేర్పుతారు. నొప్పి పెట్టడం ఒక ఎత్తు, నొప్పిగా ఉందని చెప్పుకోకుండా నోరు కట్టెయ్యడం ఇంకో ఎత్తు. ఈ రెండో విద్య గురించి చదువుతుంటే నాకెందుకో గుర్రాలొక్కటే గుర్తు రాలేదు. మెట్టినింట్లో పెదవి దాటకూడని మాటలెన్నో మనకీ తెలుసు.

2006లో తనిఖీదారులు కాస్త గట్టిగా నిలబడేసరికి ఆఖరి పోటీకి వచ్చిన గుర్రాల్లో చాలావాటికి అర్హతే లేకపోయింది. ఆ ఏడు ఛాంపియన్ అన్నదే లేదు. 2012లో జాకీ మెకానెల్ అనే పేరుమోసిన శిక్షకుడి శాలలో రహస్యంగా తీసిన దృశ్యాలు టీవీలో వచ్చాయి. మందు రాయడం, కర్రతో కొట్టడం అన్నీ జనం కళ్ళారా చూశారు. ఫెడరల్ కోర్టు వేసిన శిక్ష మూడేళ్ళ ప్రొబేషన్, 75 వేల డాలర్ల జరిమానా. గొలుసులూ, ఆ ఎత్తు లాడాలూ పూర్తిగా మానిపించే బిల్లు 2019లో ఒకసారి, 2022లో మరోసారి దిగువసభ దాటింది గాని సెనేట్ దాటలేదు. 2024లో ప్రభుత్వమే కొత్త నిబంధనలు తెస్తే, 2025 జనవరి 31న టెక్సాస్‌లోని కోర్టు వాటిలో ముఖ్యమైనవాటిని కొట్టేసింది.

‘ఎక్కడో ఓ దుర్మార్గుడుంటే లోకాన్నంతా అంటావేం?’ అని అడగొచ్చు. ఒక్కడైతే నేనూ ఊరుకుందును. కాని ఎంత ఎత్తుకి కాలెత్తితే అంత పెద్ద బహుమతి అని నిర్ణయించింది న్యాయనిర్ణేతలు. డబ్బిచ్చి టిక్కెట్టు కొని కేరింతలు కొట్టింది ప్రేక్షకులు. ఆ గుర్రాన్ని గెలిపిస్తే దాని ధర పెరుగుతుందని కాచుక్కూర్చున్నది యజమాని. మందు రాసిన చెయ్యి ఒక్కటే గాని, రాయించిన చేతులు బోలెడు.

ఆడవాళ్ళకి సహజంగానే జాలి ఎక్కువని మనం కథల్లో రాసుకుంటూ ఉంటాం. పతకం ఎదురుగా ఉంటే ఆ జాలి ఎక్కడికి పోతుందో 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. మోడర్న్ పెంటథ్లాన్‌లో క్రీడాకారులు తమకి ముఖపరిచయం కూడా లేని గుర్రం మీద, ఇరవై నిమిషాల సాధనతో అడ్డంకులు దూకాల్సి వచ్చేది. జర్మనీ అమ్మాయి అన్నికా ష్లూ అప్పటికి అందరికంటే ముందుంది. ఆమె వంతుకొచ్చిన ‘సెయింట్ బాయ్’ అనే గుర్రం అంతకుముందే ఇంకొకరి చేతిలో మొరాయించి ఉంది. ఈమె ఎక్కేసరికీ కదలనంది. ఆమె ఏడుస్తూనే కొరడా వాడింది. బయట నుంచి కోచ్ కిమ్ రైస్నర్, ఆవిడా ఆడదే, గట్టిగా కొట్టమని అరిచి, తనూ గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. అడుగు వెయ్యను అని నాలుగుకాళ్ళూ నిలదొక్కుకుని చెబుతున్న జీవం అంతకంటే స్పష్టంగా ఎలా చెబుతుంది? కోచ్‌ని పంపించేశారు. గొడవ ముదిరి, 2024 పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఆ ఆటలోంచి గుర్రపుస్వారీనే తీసేశారు. అదే పారిస్‌కి వెళ్ళవలసిన బ్రిటన్ స్వారీ తార షార్లట్ డుజార్డిన్, ఆరు ఒలింపిక్ పతకాల మనిషి, పాఠం చెబుతూ ఒక గుర్రం కాళ్ళ మీద పొడవాటి కొరడాతో పదేపదే కొట్టిన పాత వీడియో బయటపడి చివరి నిమిషంలో తప్పుకుంది. క్షమాపణ చెప్పింది. ఏడాది నిషేధమూ పడింది. వీడియో లేకపోతే?

‘మనుషులకే దిక్కులేదు, అమెరికా గుర్రాల గొడవ మనకెందుకు’ అనే మాట మగవాళ్ళ దగ్గర్నుంచే కాదు, పేరంటాల్లోనూ వినిపిస్తుంది. మన బండలాగుడు పోటీలకి వెళ్ళి చూడండి. బండ లాగలేక మోకాళ్ళ మీద కూలబడ్డ ఒంగోలు గిత్త తోకని మెలితిప్పుతుంటే, చెర్నాకోల ఝళిపిస్తుంటే చుట్టూ ఈలలే. ఇంటి దగ్గర దానికి ఉలవలు ఉడకబెట్టి, బిడ్డలా సాకి, పసుపు కుంకుమ పెట్టి పంపేది మనమే. గెలిచి వస్తే దిష్టి తీస్తాం. వీపు మీద వాతలేమిటని అడిగిన ఇల్లాలు ఎందరున్నారు?

అసలు టెనెసీ గుర్రం సహజంగానే మంచి నడకరి. కుదుపు లేకుండా మెత్తగా సాగే నడక అని, రోజంతా పొలాల్లో తిరిగే వాళ్ళ కోసం పెంచుకున్న జాతి అది. ఎత్తు లాడాలూ గొలుసులూ లేకుండా, మామూలు లాడాలతో నడిచే గుర్రాలకి షెల్బివిల్‌లోనే వేరే విభాగాలున్నాయి. వాటి కాలు అంత ఎత్తుకి లేవదు. ఆఖరి శనివారం రాత్రి ఇచ్చే అన్నిటికన్నా పెద్ద బహుమతి మాత్రం ఎత్తు లాడాల గుర్రానికే.