విహారమా, అపహారమా?



ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా బడిలో పాఠాలు చెప్పి 2017లో పదవీ విరమణ చేశాను. ఉపసర్గల పాఠం వచ్చినప్పుడల్లా ఒక ఉదాహరణ చెప్పేవాణ్ణి. సంస్కృతంలో ‘హృ’ అని ఒక ధాతువుంది. తీసుకొనిపోవడం, హరించడం దాని అర్థం. ముందు చేరే ఉపసర్గను బట్టి అర్థం మారిపోతుంది. ‘ఆ’ చేరితే ఆహారం, ‘వి’ చేరితే విహారం, ‘ప్ర’ చేరితే ప్రహారం అనగా దెబ్బ, ‘అప’ చేరితే అపహారం అనగా దొంగతనం, ‘పరి’ చేరితే పరిహారం. పిల్లలు ఉత్సాహంగా వల్లె వేసేవారు. ఈ మాటలన్నీ ఒకే రోజున, ఒకే ప్రహరీగోడ లోపల నాకు అనుభవానికి వస్తాయని ఆనాడు ఊహించలేదు.

గడచిన వేసవిలో హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఇంటికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. పిల్లల సెలవులు గనుక ఒక ఆదివారం అందరం కలిసి నగర శివారులోని ఒక వినోదాల పార్కుకు బయలుదేరాం. దాని పేరు చెప్పను. తెగులు ఒక చెట్టుది కాదు, తోటంతటిదీ. ఒక చెట్టును తిట్టి ప్రయోజనం లేదు.

టికెట్ల కిటికీ దగ్గర గోడకు ఒక కొలబద్ద గీసి ఉంది. 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవారు, లోపైతే పిల్లలు. పదకొండేళ్ళ మా మనవడు 142 ఉన్నాడు. వాడికి పెద్దల టికెట్టు, 1,500 రూపాయలు. ఆరేళ్ళ మనవరాలికి 1,200. మిగిలిన నలుగురికీ తలా 1,500. వెరసి 8,700. “అమ్మా, మేమిద్దరం ఏదీ ఎక్కేవాళ్ళం కాము, పిల్లలు ఆడుకుంటుంటే చూస్తాం, అంతే,” అని కిటికీలోని అమ్మాయితో అన్నాను. “చూడ్డానికైనా అదే రేటు సార్,” అంది. ఆమె తప్పేమీ లేదు. ఆ ధర ఆమె పెట్టింది కాదు.

తరువాత ఆహారం వంతు. తెల్లవారుజామున లేచి మా ఆవిడ కలిపిన పులిహోర, దద్దోజనం గేటు దగ్గర ఆగిపోయాయి. “నా చేతుల్లో ఏముంది పెద్దాయనా, లోపలికి పంపితే నా ఉద్యోగం పోతుంది,” అన్నాడు కాపలా మనిషి. డబ్బాలు తిరిగి కారులోకి వెళ్ళాయి. మే నెల ఎండలో మూసి ఉంచిన కారు! సాయంత్రానికి దద్దోజనం నోట పెట్టేట్టు లేదు. లోపల ఆరుగురం తిన్న భోజనానికి 2,400 అయింది. ఇరవై రూపాయలని ముద్ర ఉన్న నీళ్ళ సీసాను యాభైకి అమ్మారు. ఆరు సీసాలు కొన్నాం. ఉచితంగా నీళ్ళిచ్చే కుళాయి ఉందట. అది మరుగుదొడ్ల వెనుక ఉన్నదని మధ్యాహ్నం మూడింటికి తెలిసింది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆవరణ యజమానిది, అతడికీ కొన్ని హక్కులున్నాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమాహాళ్ళ విషయంలో ఈ సంగతే తేల్చింది. బయటి తినుబండారాలను వద్దనే హక్కు యజమానికి ఉంది. అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా అందుబాటులో ఉంచాలి, పసిపిల్లలకు తల్లిదండ్రులు తెచ్చే ఆహారాన్ని అనుమతించాలి. నేను ఆ తీర్పును కాదనడం లేదు. కాని సినిమా మూడు గంటలు, చల్లని గదిలో. ఈ పార్కులో మేమున్నది ఎనిమిది గంటలు, నడివేసవి ఎండలో. మూడు గంటల ఆకలినీ ఎనిమిది గంటల ఆకలినీ ఒకే తూకం వేయడం చట్టానికి చెల్లవచ్చు, ధర్మానికి చెల్లదు.

యంత్రాలకు ఖర్చవుతుందనీ, భద్రతకు ఖర్చవుతుందనీ, ప్రభుత్వానికి పన్ను కట్టాలనీ అంటారు. నిజమే. వస్తుసేవల పన్ను 2017లో వచ్చినప్పుడు ఇటువంటి పార్కుల మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. అదీ తక్కువ భారం కాదు. ఎక్కినవాడు చెల్లించవలసిందే. నా అభ్యంతరం ఎక్కనివాడి దగ్గర వసూలు చేయడం గురించి. చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళం. ప్రభలు చూడడానికి డబ్బులేదు. రంగులరాట్నం ఎక్కినవాడు కానీ ఇచ్చేవాడు, కింద నిలబడి చేయి ఊపే తాత ఏమీ ఇచ్చేవాడు కాడు. ఇది పల్లెటూరి అమాయకత్వమని నవ్వేవారికి ఒక సంగతి మనవి చేస్తాను. 1955లో అమెరికాలో డిస్నీల్యాండు తెరిచినప్పుడు అక్కడా ప్రవేశానికి వేరే రుసుము, ఆటకు వేరే చీటీ. ఆ చీటీల పద్ధతి 1982 దాకా నడిచింది. కనుక ఇది సాధ్యం కాని పని కాదు, ఇష్టం లేని పని.

ఇక విహారం. లోపలికి వెళ్ళాక రెండు పెద్ద ఆటల ముందు ‘మరమ్మతులో ఉన్నది’ అన్న పలక కనిపించింది. ఆ పలక టికెట్ల కిటికీ దగ్గర లేదు. తక్కిన వాటి ముందు గంటకు పైగా నిరీక్షణ. ఒక ఆట దగ్గర మనవణ్ణి ఆపి, “పన్నెండేళ్ళలోపు పిల్లలు పెద్దవారు తోడుంటేనే ఎక్కాలి,” అన్నారు. కిటికీ దగ్గర పెద్దవాడైన వాడు ఇక్కడికి వచ్చేసరికి చిన్నవాడైపోయాడు! భద్రత కోసం పెట్టిన నియమాన్ని నేను ఆక్షేపించను. డబ్బు దగ్గర ఒక కొలత, బాధ్యత దగ్గర ఒక కొలత ఉండడం మాత్రం విడ్డూరం. మా అబ్బాయి తోడు నిలబడ్డాడు. మధ్యాహ్నానికి మనవడు ఎక్కినవి రెండంటే రెండు.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బు బాధలు, వాటిని మరచిపోవచ్చు. మరవలేనిది ఇకమీద చెప్పేది.

వరుస పక్కనే మరొక దారి ఉంది. చేతికి ఎర్రని పట్టీ ఉన్నవాళ్ళు ఆ దారిన నేరుగా వెళ్ళి ఎక్కేస్తున్నారు. “వాళ్ళు మనకంటే ముందు వచ్చారా తాతయ్యా?” అని మనవడు అడిగాడు. లేదన్నాను. “మరి?” అన్నాడు. పట్టీ వెల 900 రూపాయలు.

బడిలో నేను నేర్పిన మొదటి పాఠం అక్షరాలు కాదు, వరుస. మా రాష్ట్రంలో 2003లో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. నాటినుండి పళ్ళాలు పట్టుకొని నిలబడ్డ పిల్లల వరుస పక్కన నేనూ నిలబడేవాణ్ణి. సర్పంచిగారి అబ్బాయైనా, కూలికి వెళ్ళే తల్లి బిడ్డైనా, ముందు వచ్చినవాడిదే ముందు. తోసుకొని వచ్చినవాణ్ణి చెయ్యి పట్టుకొని చివరికి పంపేవాణ్ణి. తెలుగులో వరుస అంటే బారు మాత్రమే కాదు, బంధుత్వం కూడా. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పేది వరుస. బారులో నిలబడ్డవాళ్ళు కాసేపైనా ఒకరికొకరు సమానులవుతారు. ఆ కాసేపటి బంధుత్వానికే ఇప్పుడు వెల కట్టారు.

ఆపై నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. మనవడి ముఖం చూడలేక నేనే జేబు తీశాను. వాడికొకటి, తోడు వెళ్ళవలసిన మా అబ్బాయికొకటి, రెండు పట్టీలు కొన్నాను. 1,800 రూపాయలు. వాళ్ళు పక్క దారిన పోతుంటే నేను కటకటాల దగ్గర నిలబడ్డాను. వరుసలో ఉన్న ఒక పిల్లవాడు వాళ్ళను చూసి తండ్రి చెయ్యి లాగి ఏదో అడిగాడు. ఆ తండ్రి జవాబు చెప్పకుండా అటు తిరిగాడు. ఆ ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, గంట క్రితం నన్నడిగినదే.

దిగివచ్చి మనవడు అన్న మాట ఇది: “లైనులో ఉన్నవాళ్ళు పాపం డబ్బులు లేనివాళ్ళా తాతయ్యా?”

ఆనాటి ప్రహారం అది. ముప్పైమూడేళ్ళు నేర్పిన పాఠాన్ని ఒక్క మధ్యాహ్నం నా చేతులమీదుగానే చెరిపేశాను.

ఇది ఒక్క పార్కు కనిపెట్టిన విద్య కాదు. డిస్నీవారు 1999లో ఇటువంటి సౌకర్యాన్ని ఉచితంగా ప్రవేశపెట్టారు. 2021లో దాని స్థానంలో డబ్బుకు అమ్మేది తెచ్చారు. రైల్లో తరగతులు లేవా, అని ఎవరైనా వాదించవచ్చు. ఉన్నాయి. కాని పై తరగతివాడు కూర్చుంటే కింది తరగతివాడి రైలు ఆలస్యం కాదు. ఇక్కడ పట్టీ కట్టుకున్నవాడు ఎక్కిన ప్రతిసారీ ఎండలో నిలబడ్డవాడు మరికొంత సేపు నిలబడాలి. అమ్ముతున్నది పార్కు సొత్తు కాదు, వరుసలో నిలబడ్డవాడి సమయం. సొత్తు ఒకరిది, అమ్మకం మరొకరిది అయితే దాన్ని ఏమంటారో మొదటి పేరాలోనే చెప్పాను.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వెళ్ళకుండా ఉంటే సరి,” అంటారా? నేను మళ్ళీ వెళ్ళను. కాని పిల్లలు ఆడుకునే చోటు నగరంలో నానాటికీ తగ్గిపోతుంటే వెళ్ళవద్దన్న సలహా ఎంతకాలం చెల్లుతుంది? అందుకే నేను కోరే పరిహారం డబ్బు కాదు. కేవలం చూడవచ్చిన తాతలకూ అమ్మమ్మలకూ తక్కువ రుసుము పెట్టండి. ఆగిపోయిన ఆటలేవో, ఎంతసేపు నిలబడాలో టికెట్టు అమ్మకముందే రాసిపెట్టండి. తాగునీటిని కంటికి కనబడే చోట ఉంచండి. ముసలివారినీ, వికలాంగులనూ, గర్భిణులనూ ముందు పంపండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. వరుసను మాత్రం అమ్మకండి.

ఆ రోజు ఖర్చు కారు నిలిపినందుకు వంద కలుపుకొని 13,300 రూపాయలు. తిరుగు ప్రయాణంలో మనవడి చేతికి ఆ ఎర్రపట్టీ ఇంకా ఉంది. రేపు బడిలో స్నేహితులకు చూపిస్తానన్నాడు. బడులు తెరవడానికి ఇంకా సమయముంది గదా అన్నాను. అంతకుమించి ఏమీ అనలేకపోయాను.

స్వస్తి.