మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి చూడండి

ఇంటిపన్నుతో పాటు మీరు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారని గమనించారా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి 8 పైసలు. పిల్లల చదువుకు మీరు ఇప్పటికే కట్టేసిన ఫీజు అది. వాడుకోవడమే మానేశాం.

"ఫోన్‌లో అన్నీ ఉన్నాయి కదా మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరు అడిగారు. ఉన్నాయి. నేనూ క్లాసులో వీడియోలు చూపిస్తాను. కానీ ఎనిమిదో తరగతికి రెండు పేజీల కథ ఇస్తే, పేజీ తిప్పేలోపే సగం మంది చూపు గడియారం మీదకు పోతుంది. జవాబు వెతకడం వాళ్లకు వచ్చు. కూర్చుని చదవడం రాదు. మార్కులు వేసేవాళ్లు లేనిచోట గంటసేపు కూర్చుంటేనే అది అలవాటవుతుంది.

అక్కడ ఇంగ్లిష్ పుస్తకాలు దొరకవంటారా? తెలుగు కథలే చదవనివ్వండి. మన సత్యవేడులో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలూ ఉన్నారు, తమిళమైనా సరే. ఏ భాషలోనైనా నలభై పేజీలు ఓపికగా చదివిన పిల్లకు ఇంగ్లిష్ నేర్పడం నాకు సులువు.

1935లో పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద పుస్తకాలు ఊరూరా తిప్పారు. మనకు పడవ అక్కర్లేదు, బండి చాలు. నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లండి. ఫోన్ డిక్కీలో పెట్టి, మీరూ పక్కన కూర్చోండి.