ఇద్దరు గురువులు, ఒక మైదానం



మొన్న సాయంత్రం మా ముప్పాళ్ళలో ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు మా అరుగు మీద చేరి, "మాస్టారూ, బాగా ఆడేవాడు బాగా నేర్పగలడా?" అని అడిగాడు. వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. ఫుట్‌బాల్ నేర్పటంలో ఆయన దిట్ట. ఆయన తర్ఫీదులో మన దేశపు జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచింది. ఆయన శిష్యులలో ఒకరు, 1944లో హైదరాబాదులో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్.

ఆ రోజులలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. నయీం ఇల్లు విడిచి అక్కడికి వెళ్ళారు. భాష వేరు, తిండి వేరు. బంతి మాత్రం ఒకటే! ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ — అక్కడి మూడు పెద్ద జట్లలోనూ ఆడారు. గోలు ముందు గోడలా నిలిచి ఎదుటివారిని ఆపటం ఆయన పని.

1970లో బాంకాక్ ఆసియా క్రీడలకు మన జట్టు నాయకుడు ఆయనే. కంచు పతకం కోసం జపానుతో పోటీ. రెండేళ్ళ ముందే ఒలింపిక్సులో కంచు పతకం గెలిచిన జట్టది. అయినా మనవాళ్ళు 1-0తో గెలిచారు. ఆ సంవత్సరానికి నయీంకు అర్జున పురస్కారం లభించింది.

ఆడటం మానాక ఆయన శిక్షకుడయ్యారు. క్రమశిక్షణ విషయంలో చండశాసనుడని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలిచింది. ఆ సంవత్సరానికే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. సచిన్ టెండూల్కర్ గురువు అచ్రేకర్‌కు కూడా ఆ ఏడే వచ్చింది.

ఇక అసలు సంగతి వినండి. 2006 ఫిబ్రవరిలో జపానులోని యోకొహామాలో మళ్ళీ జపానుతో పోటీ. మన శిక్షకుడు నయీం. వారి శిక్షకుడు జికో. ఆయనా పరాయి చోటికి వెళ్ళినవాడే! బ్రెజిల్ నుంచి 1991లో ఆటగాడిగా జపానుకు వెళ్ళి, తరువాత గురువయ్యాడు. ఆనాడు జపాను 6-0తో గెలిచింది.

నయీం ఆట మరచిపోయారా? లేదు. కాని జపాను 36 ఏళ్ళూ ఊరుకోలేదు. పైనుంచి వచ్చినవారి దగ్గర నేర్చుకుంది. 1993లోనే వృత్తి ఆటగాళ్ళకు పెద్ద లీగు పెట్టుకుంది. ఆటగాడు తన రెండు కాళ్ళను నమ్ముకుంటాడు. గురువు పదకొండుమంది కాళ్ళను నమ్ముకోవాలి. ఆ కాళ్ళు చిన్ననాటి నుంచి ఎక్కడ, ఎలా నేర్చాయన్నది ఒక్క గురువు చేతిలో లేదు.

నేను పనిచేసిన ఒక బడిలో ఒక ఏడు పదో తరగతి పిల్లలు చాలామంది లెక్కలలో తప్పారు. పిల్లలను కోప్పడ్డాను. తరువాత చూస్తే, వాళ్ళకు ఆరో తరగతి లెక్కలే సరిగా రావు. అది ముందే కనిపెట్టకపోవటం నా తప్పు.

కనుక బాగా ఆడేవాడు బాగా నేర్పగలడు. కాని నేర్పేవాడు గెలవాలంటే, వాడి కంటే ముందు నేర్పినవారు కూడా బాగా నేర్పి ఉండాలి.

ఈ నెల మీకొక పని. మీకు వచ్చిన ఆటో, లెక్కో మీకన్నా చిన్నవాడికి నేర్పండి. వాడు తప్పు చేస్తే తిట్టకండి. వాడికి ఎక్కడిదాకా వచ్చునో కనిపెట్టి, అక్కడినుంచి మొదలుపెట్టండి.