ఉప్పు వేయు వేళ

భోజనానికి కూర్చున్నవారు మొదటి ముద్ద నోట పెట్టుకోగానే పలికే మాట మన ఇళ్లలో తరచుగా ఒక్కటే: ఉప్పు తక్కువైంది, లేదా ఎక్కువైంది. కరీంనగర్‌లో ఒక ఇంట దానిని ఉప్పు అంటారు, పక్క ఇంట నమక్ అంటారు. నింద మాత్రం రెండు ఇళ్లలోనూ వండినవారి మీదనే పడుతుంది. తిన్న ఉప్పును మరువరాదని రెండు భాషలూ బోధిస్తాయి గాని, వేసిన చేతిని మెచ్చుకొమ్మని చెప్పే సామెతను మేము వినలేదు. ఎంత ఉప్పు వేయాలన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎప్పుడు వేయాలి, వేటితో కలిపి వేయాలి అన్నవి మిగిలిన సగం. ఈ సగాన్ని మనం ఒక విద్యగా గుర్తించలేదని మా అభిప్రాయం.

తోటకూరను చూడండి. గంప నిండుగా కనిపించిన ఆకు ఉడికేసరికి గుప్పెడవుతుంది. పచ్చి ఆకును చూసి ఉప్పు వేసినవారు పొరబడక తప్పదు. అది అణగిన తరువాతనే వేయాలి. పచ్చి పులుసును కాచము గనుక కలిపినప్పటి రుచే చివరికీ నిలుస్తుంది. దాల్చా అట్లు కాదు. మరిగినకొద్దీ నీరు పోతుంది, ఉప్పు పోదు. కాబట్టి కొంత చేతిలో మిగుల్చుకొని, దించే ముందు రుచి చూసి వేయడం మేలు. మాంసానికి కొంత ముందుగానే పట్టించాలి. లోపలికి దిగడానికి దానికి వ్యవధి కావాలి. పప్పు మెత్తబడక ముందే చింతపండు రసం పోస్తే గింజ త్వరగా ఉడకదు. ఖట్టీ దాల్ వండే తల్లులు పులుపును చివరకు ఉంచడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

మరొక చిక్కు ఉంది. దొడ్డు ఉప్పు పలుకుల నడుమ ఖాళీ ఉంటుంది. మెత్తని ఉప్పులో అంత ఉండదు. అందువల్ల అదే చెంచాకు మెత్తని ఉప్పు ఎక్కువ తూగుతుంది. అత్తగారి కొలతను కోడలు చెడగొట్టిందని కొన్ని ఇళ్లలో అనడం కద్దు. చేయి చెడలేదు, ఉప్పు మారింది.

చప్పగా ఉన్నదనిపించిన ప్రతి కూరకూ ఉప్పే కొరత కాదు. కొన్నిటికి పులుపు చాలదు. పుంటికూర, నిమ్మరసం ఆ లోటు తీరుస్తాయి. కొన్నిటికి తాలింపు సరిగా పడి ఉండదు. జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుల సువాసన నీటిలో కన్న వేడి నూనెలో బాగా దిగుతుంది. దీనినే ఉర్దూలో బఘార్ అంటారు. మన పెళ్లిళ్ల బగారా అన్నానికి ఆ పేరు అందులోంచి వచ్చినదే. సంక్రాంతి సకినాలలో నువ్వులూ ఓమా చేసే పని కూడా తక్కువది కాదు. అయితే సకినం కాలిన తరువాత ఉప్పు దిద్దుకొనే వీలు లేదు గనుక, పిండి రుచి చూడకుండా చుట్టడం సాహసమే!

ఇది నాలుక ముచ్చట మాత్రమే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. రోజుకు 5 గ్రాములకు, అనగా సుమారు ఒక చిన్న చెంచాకు, మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మించితే రక్తపు పోటు పెరుగుతుంది. మామిడి తొక్కు, అప్పడం కలిపి లెక్కిస్తే మనం ఎక్కడ ఉన్నామో ఎవరికి వారే తెలుసుకోగలరు. మరోవైపు, అయొడిన్ లోపం వల్ల గళగండ వ్యాధి కనిపించిన జిల్లాలలో ఆదిలాబాద్ ఒకటి. గళగండ నివారణకు 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. తరువాత తినే ఉప్పుకంతటికీ అయొడిన్ చేర్చాలని నిర్ణయించారు. అది లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 2006లో నిబంధన వచ్చింది. తక్కువ ఉప్పు తినడమూ, అయొడిన్ ఉప్పు తినడమూ పరస్పర విరుద్ధం కావు. అయితే తేమకూ ఎండకూ వదిలేసినా, ఎక్కువసేపు మరిగించినా అయొడిన్ కొంత నశిస్తుంది. అందుకే మూత ఉన్న జాడీ కావాలి. దించే ముందు వేసే అలవాటూ కావాలి.

ఈ విద్య ఆడపిల్లలకే చాలునన్న వాదాన్ని మేము అంగీకరించము. ఉద్యోగం కోసం ఊరు విడిచి గది అద్దెకు తీసుకొనే మన యువకులు మొదట ఓడిపోయేది పొయ్యి దగ్గరే. కళాశాల కమిటీ వారికి మా సూచన ఒక్కటి: వసతిగృహంలో వడ్డనకు ముందు, దినానికొక విద్యార్థి వంతున, వంటవారి పక్కన నిలబడి పప్పు రుచి చూసి చెప్పే ఏర్పాటు చేయవలెను. పళ్లెం పక్కన ఉప్పు గిన్నె అవసరమా కాదా అన్నది ఒక నెల గడిచిన తరువాత ఆ విద్యార్థులే తేల్చి చెప్పుదురు.